వాలులో దుంగ, గట్టున ధర: చిన్న ట్రాక్టరు లాగేదెంత?

పాడేరు: కాఫీ కోతలు, మిరియాల ఏరివేత పూర్తయి వానలు ఇంకా రాని మార్చి, ఏప్రిల్, మే నెలల్లో మన్యంలో మరో పని మొదలవుతుంది. అదే కాఫీ తోటల్లో ముదిరిన సిల్వర్ ఓక్ చెట్ల నరుకుడు. చెట్టు కొట్టడం సగం రోజు పని. కొట్టిన దుంగను లోయలోంచి రోడ్డుమీదికి చేర్చడమే అసలు పని. ఈ పనికి ఇంతకాలం మనుషుల భుజాలు, ఎద్దుల మెడలు ఆధారంగా ఉండేవి. ఇప్పుడు వాటి స్థానంలోకి చిన్న ట్రాక్టరు వచ్చింది. రాక మంచిదే. అయితే దాన్ని వాడుతున్న తీరు మాత్రం ఆందోళన కలిగించేదిగా ఉంది.

అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాడేరు, చింతపల్లి, జి.మాడుగుల, గూడెంకొత్తవీధి, అరకు, అనంతగిరి ప్రాంతాల్లో లక్ష ఎకరాలకు పైగా కాఫీ ఉంది. కాఫీకి నీడ కావాలి. ఆ నీడకోసం నాటిందే సిల్వర్ ఓక్. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఈ చెట్టు నిటారుగా పెరుగుతుంది, మిరియం తీగకు పందిరిగుంజ అవుతుంది, ముదిరాక ప్లైవుడ్డుకు, పెట్టెలకు, సామానుకు కలప అవుతుంది. గిరిజన రైతుకు ఇది ఆడపిల్ల పెళ్లికో, ఆస్పత్రి ఖర్చుకో అక్కరకొచ్చే దాచుకున్న సొమ్ము. ఆ సొమ్ములో ఎంత భాగం రైతు చేతికి వస్తుందన్నదే ప్రశ్న.

రోడ్డు పైన, తోట కింద

కొండ ప్రాంతంలో రోడ్లు ఎక్కువచోట్ల కొండ నడుమును, భుజాన్ని పట్టుకుని పోతాయి. తోటలో సగం రోడ్డుకు పైన ఉంటే సగం కింద ఉంటుంది. పైనున్న దుంగ దొర్లితే రోడ్డుకు వస్తుంది. కిందున్న దుంగ మాత్రం ఎవరైనా ఎక్కిస్తే తప్ప రాదు. అందుకే ఒకే వయసు, ఒకే లావు గల రెండు చెట్లకు వ్యాపారి రెండు ధరలు చెబుతాడు. లోయలో చెట్టుకు ఇచ్చేది తక్కువ. “పైకి లాగే ఖర్చు మాదే కదా” అన్నది అతని వాదన. ఆ వాదనలో నిజం ఉంది. కాని ఆ ఖర్చు ఎంతో రైతుకు లెక్క తెలియదు కనుక వ్యాపారి చెప్పిందే లెక్క అవుతున్నది.

కొలతలోనూ ఇదే తంతు. కలప వ్యాపారంలో వాడుకలో ఉన్న పద్ధతి ప్రకారం దుంగ చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే హెచ్చించి, పొడవుతో గుణిస్తారు. మూడడుగుల చుట్టుకొలత, పది అడుగుల పొడవు గల దుంగ ఈ లెక్కన సుమారు 5.6 ఘనపుటడుగులు. నిజానికి ఆ దుంగలో ఉన్న కలప 7.1 ఘనపుటడుగులకు పైమాటే. నూటికి ఇరవై ఒక్క వంతు కొలతలోనే పోతున్నది. కోత మిల్లులో తొక్క, అంచులు పోతాయన్నది దీనికి చెప్పే కారణం. కారణం సబబే కావచ్చు. కాని బేరం ఆడేటప్పుడు ఈ సంగతి రెండువైపులా తెలిసి ఉండాలి.

అశ్వశక్తి కాదు, పట్టు

చిన్న ట్రాక్టరు కొన్నవారు తరచు చెప్పే మాట “ఇరవై గుర్రాల బలం” అని. బలం ఉన్నమాట నిజమే. ఆ బలాన్ని నేలకు అందించేది చక్రం పట్టు. చక్రం జారితే ఇరవై కాదు, నలభై గుర్రాలున్నా దండగే. పట్టు అనేది బండి బరువునుబట్టి, నేల తడినిబట్టి ఉంటుంది.

పైన చెప్పిన దుంగనే తీసుకుందాం. పచ్చిగా ఉన్నప్పుడు అది రెండు క్వింటాళ్లకు కాస్త అటూ ఇటూగా తూగుతుంది. చదును నేలమీద దాన్ని ఈడవడానికి క్వింటాలు లాగుడు సరిపోతుంది. రెండడుగులు ఎక్కితే అడుగు ఎత్తు లేచే వాలులో అయితే నేల రాపిడికి దాదాపు క్వింటాలు, కిందికి జారే బరువుకు మరో క్వింటాలు, వెరసి రెండు క్వింటాళ్ల లాగుడు కావాలి. అంటే దుంగను ఈడుస్తున్నా ఎత్తి మోసినంత పని అన్నమాట.

ఇక బండి సంగతి. చిన్న ట్రాక్టరు ఏడెనిమిది క్వింటాళ్ల బరువు ఉంటుంది. అదే వాలులో తనను తాను పైకి తీసుకుపోవడానికే దానికి నాలుగు క్వింటాళ్ల లాగుడు ఖర్చవుతుంది. పొడి మట్టిమీద, నాలుగు చక్రాలూ తిరిగే బండి అయినా, అటువంటి వాలులో దానికి దొరికే పట్టు నాలుగు క్వింటాళ్లను మించదు. అంటే ఉన్న పట్టంతా తాను ఎక్కడానికే సరి. దుంగకు మిగిలేది సున్న. వెనక చక్రాలు మాత్రమే తిరిగే బండి అయితే తానే ఎక్కలేదు. నాలుగడుగులకు ఒక అడుగు లేచే వాలులో మాత్రం పొడి నేలమీద ఒక దుంగను లాక్కుపోగల పట్టు మిగులుతుంది. ఆ వాలు సుమారు పదిహేను డిగ్రీలు. అంతకు మించిన చోటికి బండిని దించడమంటే ప్రమాదాన్ని పిలవడమే.

బోల్తాకు ఒకటిన్నర సెకను

ప్రమాదం ఎలా జరుగుతుందో తెలుసుకుంటే తప్ప దాన్ని తప్పించలేము. దుంగ ముక్కు ఏ రాతికో, మొద్దుకో తగులుకుంటుంది. వెనక చక్రాలు ఆగిపోతాయి. డ్రైవరు ఇంకొంచెం ఆక్సిలేటరు ఇచ్చి క్లచ్చి ఒక్కసారి వదులుతాడు. ఇంజను శక్తి ఎక్కడికో అక్కడికి పోవాలి. చక్రం తిరగకపోతే బండే ఇరుసు చుట్టూ తిరుగుతుంది. ముందు చక్రాలు లేస్తాయి. వాలుమీద ఉన్న బండికి బరువంతా అప్పటికే వెనక ఉంటుంది కనుక లేవడం ఇంకా సులువు. ముందు చక్రాలు లేచిన దగ్గర్నుంచి బండి వెనక్కి పడేందుకు ఒకటిన్నర సెకను చాలు. డ్రైవరుకు విషయం అర్థమయ్యేలోగానే అంతా అయిపోతుంది.

దీనికి తోడు గొలుసు కట్టే చోటు. దుంగ ముక్కు పైకి లేస్తుందని కొందరు గొలుసును పై టాప్ లింకు దగ్గర కట్టేస్తున్నారు. ఇది ప్రాణాలతో చెలగాటం. ఇరుసుకు పైన కట్టిన గొలుసు దుంగను ముందుకు లాగడానికి బదులు బండిని వెనక్కి పడలాగుతుంది. గొలుసు ఎప్పుడూ ఇరుసుకన్న కిందుగా ఉండే డ్రాబారుకే కట్టాలి. వాలుకు అడ్డంగా నడపడం మరో తప్పు. తోట వరసల్లో దూరడానికి వీలుగా చిన్న ట్రాక్టరు వెడల్పు తక్కువగా ఉంటుంది. ఆ సదుపాయమే పక్కకు బోల్తా కొట్టేందుకూ కారణమవుతుంది. సీటు వెనక ఇనుప కమ్మీ, సీటు బెల్టు లేని బండిని అసలు వాలులోకి దించరాదు.

పూర్వం ఎద్దులతో లాగినప్పుడు దుంగ తగులుకుంటే ఎద్దులు ఆగేవి. ఎద్దుకు ప్రాణభయం ఉంది. ఇంజనుకు లేదు. ఆ భయం ఇప్పుడు నడిపేవాడికి ఉండాలి.

మన్యంలో ఈ ప్రమాదానికి ఉన్న బరువు మైదానంలో ఉన్నవారికి అర్థం కాదు. రోడ్డులేని గూడెంలో దెబ్బ తగిలినవాణ్ణి డోలీ కట్టి మోసుకు రావలసిందే. మైదానంలో బతికే దెబ్బకు ఇక్కడ మనిషి దక్కకపోవచ్చు.

బండి పైన, తాడు కింద

దీనికి మార్గం లేకపోలేదు. పర్వత ప్రాంతాలున్న దేశాల్లో ఏనాటినుంచో వాడుకలో ఉన్న పద్ధతి ఒకటే: బండి దుంగ దగ్గరికి పోదు, తాడు పోతుంది. గట్టుమీద చదునుచోట ట్రాక్టరును నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టి, వెనక బిగించిన వించికి ఇనుప తాడు చుట్టి లాగిస్తారు. అప్పుడు బండి తన నాలుగు క్వింటాళ్లను ఎక్కించుకోనక్కరలేదు. దుంగకు కావలసిన రెండు క్వింటాళ్లు చాలు. ఏ చిన్న ట్రాక్టరుకైనా అది సులువు. దుంగ బరువైతే దానికి ఒక కప్పీ కట్టి, తాడు కొసను గట్టుమీది బలమైన మొద్దుకు కట్టేస్తే లాగుడు సగానికి తగ్గుతుంది. తాడు మాత్రం రెట్టింపు పొడవు కావాలి.

ఇందులోనూ జాగ్రత్తలున్నాయి. బిగిసిన ఇనుప తాడు తెగితే కొరడాలా కొడుతుంది. కనుక తాడు పొడవునా, కప్పీ దగ్గర తాడు మళ్లే మూల లోపల ఎవరూ నిలబడరాదు. దుంగ కింద ఎవరూ ఉండరాదు. పైన ఒకరు, కింద ఒకరు చేతి సైగతో మాట్లాడుకోవాలి. దుంగ ముక్కును గొడ్డలితో గుండ్రంగా చెక్కితే అది నేలలోకి దిగబడదు. ఈ చిన్న పనికి పావుగంట పడుతుంది, కాని పూట శ్రమ తగ్గుతుంది.

నేల మాటా మరువరాదు. దుంగ ఈడ్చిన ప్రతి గాడీ వానాకాలంలో ఒక వాగు అవుతుంది. కాఫీ మొక్కకు తిండినిచ్చే వేళ్లు పై మట్టిలోనే ఉంటాయి. ఆ మట్టి పోతే చెట్టు అమ్మిన డబ్బు ఒక ఏడు వస్తుంది, కాఫీ నష్టం ఏటా వస్తుంది. అందుచేత ఇష్టమొచ్చినట్లు కాక తోటకు ఒకటి రెండు దారులే ఏర్పరచుకుని, పని ముగిశాక ఆ దారులకు అడ్డంగా కొమ్మలు, మట్టికట్టలు వేయాలి.

బాధ్యత ఎవరిది?

చెట్టును నిలువునా అమ్మినప్పుడు నరకడం, లాగడం వ్యాపారి పని. వ్యాపారి దాన్ని మేస్త్రీకి, మేస్త్రీ బండి యజమానికి, యజమాని కుర్రాళ్లకు దుంగకింత చొప్పున అప్పగిస్తే ప్రమాదం జరిగిన నాడు నావంటే నావని ఒప్పుకునేవాడు ఉండడు. దుంగకింత అన్న లెక్కే తొందరకు మూలం. బీమా ఉంది కదా అని ధీమాగా ఉండడానికీ లేదు. వ్యవసాయానికి మాత్రమే బీమా ఉన్న ట్రాక్టరు తొట్టిలో వెళుతూ గాయపడిన కూలీ విషయంలో పరిహారం బాధ్యత బీమా కంపెనీది కాదని 2007లో సుప్రీంకోర్టు తేల్చింది. అతని పేదరికం చూసి, కంపెనీ ముందు చెల్లించి తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోవాలని ఆదేశించింది. అంటే చివరికి భారం యజమానిమీదే. చిన్న ట్రాక్టరు యజమాని కూడా చిన్న రైతే అయినప్పుడు ఒక్క ప్రమాదం రెండిళ్లను ముంచుతుంది.

యంత్రాలకు ప్రభుత్వం రాయితీ ఇస్తున్నది. 2014-15లో మొదలైన కేంద్ర వ్యవసాయ యాంత్రీకరణ పథకం కింద అద్దె యంత్రాల కేంద్రాలకూ సాయం ఉంది. మన్యంలో ఇటువంటి కేంద్రాల్లో దుక్కి సామానుతో పాటు వించి, ఇనుప తాడు, కప్పీలు కూడా ఉంచితే పది గూడేలకు ఒక జత చాలు. ఒక్కో రైతు కొననక్కరలేదు. ఐటీడీఏ, అటవీ, వ్యవసాయ శాఖలు కలిసి వేసవికి ముందు ఆ కుర్రాళ్లకు రెండు రోజుల శిక్షణ ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు. చెట్టు నరకడానికి, కలప తరలించడానికి రైతు ఎలాగూ అనుమతికోసం కార్యాలయాలకు రావలసిందే. ఆ అనుమతి కాగితంతో పాటే ఈ నాలుగు జాగ్రత్తలూ చెప్పి పంపవచ్చు.

రైతులు చేయవలసింది కూడా ఉంది. నలుగురు కలిసి ఒకే ఏడు చెట్లు కొట్టించుకుంటే, దుంగలను తామే గట్టుకు చేర్చుకుంటే బేరం రోడ్డుమీద జరుగుతుంది. లోయలో జరిగే బేరానికీ, రోడ్డుమీద జరిగే బేరానికీ ఉన్న తేడాయే రైతుకు మిగిలే డబ్బు. అయితే ఆ తేడాకోసం పల్లపు వాలులోకి బండిని దించి కుర్రవాడి ప్రాణం పణంగా పెడితే మిగిలేదేమీ ఉండదు. తాడు కొనడానికయ్యే ఖర్చు డోలీ మోసే బాధకన్న ఎప్పుడూ తక్కువే.