ఓటు లేని వాటా ఎందుకు?

గల్ఫ్ వీసా కోసం ఏజెంటు చేతిలో పెట్టే సొమ్ముకు జగిత్యాల, కోరుట్ల పల్లెల్లో చాలామందికి ఇప్పటికీ వడ్డీ వ్యాపారే దిక్కు. నూటికి రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం, మూడైతే 36. సిరిసిల్లలో మరమగ్గం ఆగితే కార్మికుడు వెతుక్కునేదీ ఫైనాన్స్ వాళ్లనే. విచిత్రమేమంటే, ఇవే ఊళ్లకు ఎడారి నుంచి వచ్చే డబ్బు బ్యాంకుల్లో డిపాజిట్లయి ఎక్కడో ఎవరికో అప్పుగా వెళ్తుంది. పక్కింటి పొదుపు పక్కింటికే అప్పుగా అందాలంటే సభ్యులే యజమానులైన సంఘాలు కావాలి.

ఇది కాగితం మీది ఆదర్శం కాదు. పాత కరీంనగర్ జిల్లాలోనే ముల్కనూరు ఉంది. 1956లో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి చొరవతో మొదలైన ఆ సంఘం అప్పిచ్చి చేతులు దులుపుకోలేదు. రైతు పంటను తానే అమ్మిపెట్టి, బాకీ అందులోనే మినహాయించుకుంది. సిరిసిల్ల వాళ్లకు అంత దూరం చూడాల్సిన పనీ లేదు. 1970 నుంచి కరెంటు ఇస్తున్న ‘సెస్’ వినియోగదారులే సభ్యులైన సంఘం. 2022 డిసెంబరులో దాని ఎన్నికలు అసెంబ్లీ ఎన్నికలను తలపించాయి. పార్టీల పెత్తనం మితిమీరిన మాట నిజమే. అయినా ఓటుంది కాబట్టే నాయకులు సభ్యుల ముందు నిలబడ్డారు.

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల్లో ఆ మాత్రం మర్యాదా దక్కలేదు. 2020 ఫిబ్రవరిలో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2025 ఫిబ్రవరిలో తీరింది. ఎన్నికలు పెట్టాల్సిన ప్రభుత్వం గడువు పొడిగించింది. ఇది సభ్యుల హక్కును లాక్కోవడమే. పాలకవర్గం మంచిదా చెడ్డదా తేల్చాల్సింది సచివాలయం కాదు.

సహకార బ్యాంకులు మునిగిన సందర్భాలు లేవా అంటే ఉన్నాయి. 2001లో హైదరాబాద్‌లో కృషి బ్యాంకు కూలి డిపాజిటర్లు రోడ్డున పడ్డారు. అందుకే సహకార బ్యాంకులపై రిజర్వు బ్యాంకు పర్యవేక్షణ, సంఘాల్లో కఠినమైన ఆడిట్ ఉండాల్సిందే. లెక్కలు తనిఖీ చేయడం వేరు, కుర్చీలో ఎవరు కూర్చోవాలో నిర్ణయించడం వేరు. ప్రభుత్వ వాటాధనం లేకుండా నడిచే సంఘాల విషయంలో 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ఈ తేడాను గుర్తించింది. ముల్కనూరు మహిళల డెయిరీ ఆ చట్టం కిందే ఎదిగింది.

లోపం సభ్యత్వంలోనూ ఉంది. చాలాచోట్ల పంట రుణం కోసమే రైతు సభ్యుడవుతాడు. వాటాధనం ఆ అప్పులోంచే కోసుకుంటారు. చేతి నుంచి పెట్టని వాటా మీద పట్టింపు ఎక్కడిది? నెలనెలా పొదుపు చేసేవారికి సంఘాల తలుపులు తెరవాలి. కౌలు రైతును, కోరుట్ల బీడీ కార్మికురాలిని, గల్ఫ్ నుంచి డబ్బు అందుకునే ఇల్లాలిని చేర్చుకోవాలి. వీసా అప్పు, మగ్గం అప్పు పంట రుణంతో పాటే సంఘంలో దొరకాలి. దానికి ముందు సర్కారు చేయాల్సింది ఒకటుంది: ఓటర్ల జాబితాలను ప్రతి సంఘం కార్యాలయం గోడకు అంటించి, పోలింగు తేదీ ప్రకటించాలి. ఇక ఒక్క పొడిగింపూ ఒప్పుకోరాదు.