గిటారు చేసిన పాపమేమి?



ఇటీవల కోతపండుగ ఆరాధన ముగిసి, గుడి ముందర గుమ్మడికాయలకును కోళ్లకును వేలము సాగుచుండగా, ఒక సంఘపు పెద్ద నా ప్రక్కకు వచ్చి తన సెల్‌ఫోను నా చేతికిచ్చెను. అందులో ఎవరో పంపిన వర్తమానమొకటి కలదు. "చూడుండ్రి అయ్యగారూ! ఆ బీటిల్సోళ్లు యేసుకంటె మేమే గొప్పోళ్లమన్నరట. నలుగుర్ల ముగ్గురి చేతులల్ల గిటార్లే. ఇగ మన పోరగాండ్లు గదే గిటారు గుడిలకు తెస్తమంటున్నరు. మీరు ఊకుంటరా?" అని అడిగెను.

వేలమువారి కేకల నడుమ చెప్పలేకపోయిన జవాబును ఇప్పుడు మీ అందరి యెదుట వ్రాయుచున్నాను. పూర్వపు కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలలో నేను తిరిగిన సంఘములన్నిటిలో ఈ తగవు ఏదో యొక రూపమున కలదు. పెద్దలు గిటారు సైతానుదందురు. యౌవనులు గిటారు లేని ఆరాధన చచ్చినదందురు. ఈ రెండు మాటలును తప్పే. అయితే తీర్పు తీర్చుటకు ముందు సాక్ష్యము వినవలెను గదా. కనుక ఆ నలుగురి చరిత్రను మొదట వినుడి.

1957వ సంవత్సరము జూలై 6, శనివారము. ఇంగ్లాండులోని లివర్‌పూల్ పట్టణమున, వూల్టన్ అను పేటలో, పరిశుద్ధ పేతురు దేవాలయమువారి వేసవి సంబరము జరుగుచుండెను. ఊరేగింపులో ఒక లారీమీద కొందరు పిల్లలు పాడుచుండిరి. వారి చేతులలో గిటార్లును, బట్టలుతుకు రేకుపలకయు, టీ పెట్టెకు కర్రయు త్రాడును బిగించి చేసికొన్న తంతివాద్యమును ఉండెను. వారి నాయకుడు 16 ఏండ్ల జాన్ లెన్నన్. ఇతడెవడు? అదే దేవాలయపు సండేస్కూలులో కూర్చున్నవాడు, అదే దేవాలయపు గాయకబృందములో పాడినవాడు. ఆ దినమే గుడికి సంబంధించిన హాలులో పాల్ మెకార్ట్నీ అను 15 ఏండ్ల బాలుడు అతనికి పరిచయమాయెను.

పెద్దలారా, ఇక్కడ ఒక్క నిమిషము ఆగుడి. మీరు సైతానుదనుచున్న ఆ బృందము మొలకెత్తినది సారాయి అంగడిలో కాదు, గుడి ఆవరణములోనే. పాల్ తల్లి చనిపోయి అప్పటికి ఎనిమిది నెలలు. మరు సంవత్సరము జూలైలో జాన్ తల్లి కారు క్రింద పడి మరణించెను. తల్లిలేని ఇద్దరు పిల్లలు, రెండు గిటార్లు. సంఘము వారికి ఒక మధ్యాహ్నము లారీమీద చోటిచ్చెను. ఆ తరువాత వారికి చోటిచ్చినవారు వేరే మనుష్యులు.

ఎవరిచ్చిరి? 1960లో జర్మనీ దేశపు హాంబర్గు ఓడరేవునందలి త్రాగుడు క్లబ్బులిచ్చెను. రాత్రికి గంటల తరబడి అక్కడ పాడిరి. బస్సు నడుపువాని కుమారుడైన జార్జి హారిసన్ అప్పటికి 17 ఏండ్లవాడు. ఆ వయస్సువాడు రాత్రివేళ క్లబ్బులో ఉండరాదని ప్రభుత్వమువారు అతనిని ఆ నవంబరులోనే వెనుకకు పంపిరి. 1961లో బ్రయన్ ఎప్‌స్టీన్ అను గ్రామఫోను రికార్డుల వర్తకుడు వారిని చూచి, వారి వ్యవహారములను చేపట్టెను. 1962 ఆగస్టులో, రెండేండ్లు తమతో కష్టపడిన డోలు వాయించు పీట్ బెస్ట్‌ను తీసివేసి రింగో స్టార్‌ను చేర్చుకొనిరి. ఆ మాట పీట్‌తో చెప్పుటకు ముగ్గురిలో ఒక్కడును రాలేదు, ఎప్‌స్టీన్ చేత చెప్పించిరి. అదే అక్టోబరు 5న వారి మొదటి రికార్డు వెలువడెను.

పిమ్మట వచ్చిన కీర్తి వరదవంటిది. 1964 ఫిబ్రవరి 9న అమెరికా టెలివిజనులో వారు పాడినప్పుడు చూచినవారు దాదాపు 7 కోట్ల 30 లక్షలమంది. 1965 ఆగస్టు 15న న్యూయార్కు ఆటమైదానములో 55 వేలమందికి పైగా కూడిరి. ఆ జనుల కేకలలో పాడువారికి తమ పాటయే తమకు వినబడలేదు. యౌవనులారా, ఈ సంగతి మరచిపోకుడి, మరల దీనియొద్దకు వచ్చెదను.

1966 మార్చిలో లండను పత్రికవారితో మాటలాడుచు, క్రైస్తవ మతము క్షీణించుచున్నదనియు, తాము ఇప్పుడు యేసుకంటె జనాదరణ గలవారమనియు లెన్నన్ పలికెను. ఇంగ్లాండులో ఎవరును పెద్దగా పట్టించుకొనలేదు. కొన్ని నెలలకు అమెరికా పత్రిక ఒకటి దానిని తిరిగి ముద్రింపగా, ఆ దేశపు దక్షిణ భాగమున రికార్డులు కాల్చిరి, రేడియోలలో వారి పాటలు మానిపించిరి. ఆగస్టు 11న చికాగోలో లెన్నన్ క్షమాపణ చెప్పుకొనెను. ఆ నెల 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో పాడినదే టిక్కెట్టు పెట్టి జనులకు పాడిన వారి కడపటి కచేరి.

కాబట్టి ఆ వర్తమానమును నాకు చూపిన సహోదరునికి నా మొదటి మాట ఇది: అతడు గొప్పవాడననలేదు, జనాదరణ గలవాడననెను. అది గర్వపు మాటయే, నేను సమర్థింపను. అయితే అది అబద్ధమా? రికార్డులను కాల్చినవారు ఆ ప్రశ్న వేసికొనలేదు. మనమైనను వేసికొందము. మన ఊరి యౌవనుడు వారమునకు ఎన్ని గంటలు సెల్‌ఫోనులో పాటలు చూచుచున్నాడు? ఎన్ని నిమిషములు సువార్త చదువుచున్నాడు? ఆ లెక్క మనకు సిగ్గు తెచ్చినయెడల, సిగ్గును చెప్పినవానిని కాల్చుట జవాబు కాదు. అతనికి పాడుట నేర్పిన గుడి అతనిని ఎప్పుడు, ఎట్లు పోగొట్టుకొనెనో విచారించుటయే జవాబు.

రెండవ మాట. వాద్యము పరదేశపుదను ఆక్షేపణ. మీరు ప్రతి ఆదివారము ముందర పెట్టుకొను హార్మోనియము ఎక్కడిది? 19వ శతాబ్దమున ఫ్రాన్సు దేశములో పుట్టినది. అది మన సంగీతమునకు తగదని ఆకాశవాణివారు 1940లో దానిని వెలివేసి, 1971 వరకు లోనికి రానియ్యలేదు. కర్ణాటక సంగీత కచేరిలోని ఫిడేలు కూడ యూరపునుండి వచ్చినదే. ఆదికాండము 4వ అధ్యాయము తీసి చూడుడి. సితారా వాయించువారికి మూలపురుషుడు కయీను సంతతివాడైన యూబాలు. అయినను దావీదు ఆ వాద్యమును హంతకుని సంతతిదని పారవేయలేదు. సౌలును నెమ్మదిపరచుటకు దానినే చేతబట్టెను. 150వ కీర్తన తంతివాద్యములను పేరు పెట్టి పిలుచుచున్నది. గిటారు తంతివాద్యము కాక మరేమి?

మూడవ మాట చెప్పుటకు నాకు బాధగా నున్నది. వెట్టిచాకిరి దినములలో మన తాతలు సంఘములో చేరినప్పుడు, అనేకులు డప్పును గుమ్మము వెలుపలనే విడిచి వచ్చిరి. వారిని నేను తప్పుపట్టను. వారి భుజములమీద ఆ డప్పు దొరల వెట్టిగా నుండెను, దానిని దించుటయే వారికి విడుదల. కాని మనుమల కాలమునకు కూడ మనము దానిని లోనికి పిలువలేదు. ఏమి జరిగినది? 1972లో జననాట్యమండలి పుట్టెను. గద్దర్ అని లోకమెరిగిన గుమ్మడి విఠల్ రావు గొంగడి కప్పుకొని, గజ్జెలు కట్టుకొని పాడుచుండగా, మన పల్లెల యౌవనులు గుంపులుగా వినిరి. 2023 ఆగస్టు 6న ఆయన మరణించువరకు ఆ పాటకు జనము తగ్గలేదు. వారి మార్గము మంచిదో చెడ్డదో ఇక్కడ తూచుట లేదు. మనము గుమ్మము వెలుపల పెట్టిన వాద్యము అనాథగా నుండదని మాత్రము చెప్పుచున్నాను. దానిని ఎవరో ఒకరు ఎత్తుకొందురు. దానితోకూడ మన పిల్లలను కూడ ఎత్తుకొందురు.

ఇక యౌవనులారా, మీ వంతు. పెద్దలను గద్దించితినని సంతోషింపకుడి. ఆ నలుగురి కథ ముగింపు వినుడి.

కచేరీలు మానిన మరుసటి సంవత్సరము, 1967 ఆగస్టు 27న, ఎప్‌స్టీన్ 32 ఏండ్లకే నిద్రమాత్రలు మితిమీరి చనిపోయెను. 1968 ఫిబ్రవరిలో నలుగురును శాంతిని వెదకుచు మన దేశమునకే వచ్చి, ఋషికేశములో ఒక ఆశ్రమమున దిగిరి. రింగో పదిదినములకే తిరిగి పోయెను, తక్కినవారును ఒకరి వెనుక ఒకరు వెళ్లిపోయిరి. 1970 ఏప్రిల్ 10న పాల్ వేరుపడినట్లు లోకమునకు తెలిసెను. ఆ డిసెంబరు 31న అతడు తన ముగ్గురు స్నేహితులమీద లండను ఉన్నత న్యాయస్థానములో వ్యాజ్యము వేసెను. గుడి హాలులో కలిసిన ఇద్దరు బాలురు పదునాలుగేండ్లు నిండకముందే వకీళ్ల ద్వారా మాటలాడుకొనిరి. 1980 డిసెంబరు 8న లెన్నన్‌ను న్యూయార్కులో అతని యింటి ముందరనే ఒకడు కాల్చిచంపెను. వారి పాటలో నేర్పు లేదని నేననను, నేర్పు చాల ఉండెను. నేర్పు వారిని కలిపి ఉంచలేకపోయెనని చెప్పుచున్నాను.

అయినను వారి దేశములోనే, వారి కాలములోనే, మరియొక గిటారు బృందముండెను. 1963లో లండను రక్షణ సైన్యపు శిక్షణ కళాశాలలో జాయ్ స్ట్రింగ్స్ అను బృందము ఏర్పడెను. జాయ్ వెబ్ అను యౌవన స్త్రీ దానికి నాయకురాలు. వారు తమ సేవాదుస్తులు విడువక, గిటార్లు పట్టుకొని, సాధారణముగా గుడికి రానివారున్న చోటులకు పోయి పాడిరి. 1964లో వారి రికార్డు లోకపు పాటల అమ్మకపు పట్టికలోనికి కూడ ఎక్కెను. 1969లో బృందము విరమించెను. బీటిల్సువలె వారిని లోకము జ్ఞాపకముంచుకొనలేదు. అదే గిటారు, అదే దేశము, అదే దశాబ్దము. కాబట్టి గిటారు ఎటువైపు పోవునో దాని తీగెలు నిర్ణయింపవు. దానిని పట్టుకొన్నవాని ప్రక్కన నిలిచినవారు కొంత నిర్ణయింతురు, అతడు కోరుకొన్నది కొంత నిర్ణయించును.

ఇప్పుడు ఆ న్యూయార్కు మైదానము జ్ఞాపకము చేసికొనుడి. పాడువారికే తమ పాట వినబడలేదు. మన ఉజ్జీవ కూడికలలో ఏమి జరుగుచున్నది? మనిషి యెత్తు స్పీకరు డబ్బాలు, కీబోర్డు, రిథమ్ ప్యాడ్, రంగుదీపాలు. వెనుక వరుసలోని ముసలమ్మ, కీర్తనల పుస్తకములో సగము కంఠస్థముగా నెరిగినది, పెదవి కదపకుండ కూర్చున్నది. ఆమె స్వరము ఆమెకే వినబడదు. సంఘము పాడుట మాని చూచుట నేర్చుకొన్నది. పురుషోత్తమ చౌదరిగారు వంద యేండ్లకు పైబడి క్రిందట మన రాగములలో కీర్తనలు కట్టినది, నాగలి వెంట నడుచువాడును నాట్లువేయు ఆమెయు నోరార పాడుటకే గాని, వేదికమీది నలుగురి నేర్పు చూచి చప్పట్లు కొట్టుటకు కాదు. న్యాయము లేని పాటల ధ్వనిని దేవుడు సహింపడని ఆమోసు 5వ అధ్యాయములో చదువుచున్నాము. పత్తి ధర పడిపోయిన సంవత్సరము వడ్డీకి అప్పు తెచ్చి డబ్బాలు కొన్న సంఘమును నేనెరుగుదును. ఆ అప్పు తీరకముందే వాయించువారు రెండు జట్లుగా చీలిరి. దానిని ఆరాధన అనవచ్చునా?

ఇతరులను గద్దించినవాడను నా తప్పు చెప్పక ముగింపరాదు. ఇరువది యేండ్ల క్రిందట నేనొక పల్లె సంఘములో ఉన్నప్పుడు, బొగ్గుబావి కార్మికుని కుమారుడొకడు కూలిడబ్బులు కూడబెట్టి గిటారు కొని, గోనెసంచిలో చుట్టుకొని గుడికి తెచ్చెను. పెద్దలు వద్దనిరి. నేను వేదాంత పాఠశాలలో చదివినవాడను, యూబాలును ఎరిగినవాడను, 150వ కీర్తన ఎరిగినవాడను. అయినను పెద్దలతో తగవు ఎందుకని ఊరకుంటిని. ఆరాధన ముగియువరకు ఆ పిల్లవాడు వేపచెట్టు క్రింద నిలిచియుండెను. మరుసటి ఆదివారము అతడు రాలేదు. ఏండ్లు గడచినవి. ఒక పెండ్లి ఊరేగింపులో డీజే బండిమీద కీబోర్డు వాయించుచు అతడు నన్ను గుర్తుపట్టి, దిగివచ్చి, "బాగున్నరా అయ్యగారూ?" అని చేతులు జోడించెను. పిమ్మట నవ్వుచు, "ఇప్పుడైతే రానిస్తరా?" అనెను. నాకు మాట రాలేదు. బండి కదిలిపోయెను.

ప్రియులారా, నేను కోరునది స్వల్పము. పెద్దలారా, ఆదివారము మధ్యాహ్నము గుడి తాళపుచెవి యౌవనులకిచ్చి, మీలో ఒకరు వారితో కూర్చుండుడి. కావలికై కాదు, తోడుకై. డప్పు తెచ్చినను గిటారు తెచ్చినను కూర్చుండుడి. యౌవనులారా, క్రొత్త పాట ఒకటి నేర్చినప్పుడు, ముసలమ్మనడిగి పాత కీర్తన ఒకటి నేర్చుకొనుడి. ఆమె స్వరము మీకు వినబడునంత మెల్లగా వాయించుడి. అప్పు చేసి ఏ వాద్యమును కొనకుడి. నా తోడి కాపరులారా, తగవునకు జడిసి ఊరకుండకుడి. ఊరకుండినందుకు నేను చెల్లించిన వెల మీకు చెప్పితిని.

గుమ్మమునొద్ద గోనెసంచి పట్టుకొని ఎవరైన పిల్లవాడు నిలిచియున్నయెడల, మొదటి కీర్తన ఎత్తకముందే లేచిపోయి, అతనిని పేరు పెట్టి లోనికి పిలువుడి.

ఇట్లు,
ప్రభువు సేవలో మీ సహోదరుడు,
ఒక పల్లె సంఘ కాపరి