క్లచ్చి పెడలు లేవని నాడు

గడచిన మాసమున మేము సకుటుంబముగా మేడ్చల్ నుండి షామీర్‌పేట చెరువు చూడ బయలుదేరితిమి. నాగపూరునకు పోవు 44వ జాతీయ రహదారిని ఇంకను చేరనేలేదు, తొక్కిన క్లచ్చి పెడలు తొక్కినట్లే క్రింద పడియుండెను. పాదముతో పైకి లాగినగాని లేవదు, గేరు పడదు. ఎటులో బండిని ప్రక్కకు నెట్టించి, పులిహోర డబ్బాతో సహా ఇల్లు చేరితిమి.

మొదట చూపిన షెడ్డులో, క్రిందికి వంగియైన చూడక, క్లచ్చి ప్లేట్లు అరిగినవనియు మొత్తము సెట్టు మార్చవలెననియు చెప్పిరి. వారడిగిన సొమ్ము మా యింటి నెల ఖర్చునకు సరిపోవును. మాకు నమ్మిక కలుగలేదు. ప్లేట్లు అరిగినచో ఇంజను అరచునే గాని బండి వేగమందుకొనదు. పెడలు లేవకుండుట వేరు జబ్బు. బానెట్టు తెరచి చూడగా బ్రేకు ఆయిలు డబ్బాలో మట్టము క్రింది గీతకు దిగియున్నది. గేరుబాక్సు క్రింద నేల తడిసియున్నది.

ఇట్టి బండ్లలో పెడలు వద్ద నొక సిలిండరు, గేరుబాక్సు వద్ద మరియొకటి, రెంటి నడుమ సన్నని గొట్టము ఉండును. మొదటిది మాస్టరు, రెండవది స్లేవు. యజమాని, బానిస అని అర్థము. ఆ పేర్లు పెట్టినవారి నేమనవలెనో! పెడలు తొక్కగా మాస్టరులోని ద్రవము గొట్టము వెంట పోయి స్లేవులోని పిస్టనును నెట్టును. ఇది 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశస్థుడైన బ్లేజ్ పాస్కల్ తెలిపిన సూత్రమే. సూదిలేని సిరంజిలో నీరు నింపి, కొన వ్రేలితో మూసి, పిల్లలచే నొక్కించి చూడుడు: కదలదు. గాలి నింపి నొక్కింపుడు: అణగిపోవును. స్లేవులోని రబ్బరు సీలు చెడి ద్రవము కారి గాలి చొచ్చెనా, మన కాలి బలమంతయు ఆ గాలిని అణచుటకే సరి.

రెండవ మేస్త్రీ మా మాట విని, క్రింద దూరి చూచి, సిలిండరే పోయినదనెను. మా బండిలో నది గేరుబాక్సుకు వెలుపల రెండు బోల్టులతో బిగించియుండుటచే మార్పు త్వరగానే ముగిసినది. కొన్ని బండ్లలో నది గేరుబాక్సు లోపలనే యుండును. అప్పుడు గేరుబాక్సు దింపక తప్పదు గనుక, అరిగిన ప్లేట్లను కూడ అప్పుడే మార్చుట న్యాయమే.

గాలి తీయుట మాత్రము ఒక్కరి పని కాదు. బండి క్రింద మేస్త్రీ, పెడలుపై మేము. "తొక్కుండ్రమ్మా... అట్లనే పట్టుండ్రి" అని అతడు నిపిలు వదులు చేయగా, బుడగలతో కూడిన ద్రవము గొట్టము గుండ సీసాలోనికి దుమికెడిది; పెడలు మా కాలి క్రింద కుంగెడిది. అతడు నిపిలు బిగించి "ఇగ ఇడువుండ్రి" అనువరకు కాలెత్తరాదు. ఎత్తినచో బయటి గాలినే లోనికి పీల్చును. నాలుగవ మారు పిడికిలి పట్టిన కాలిని తాళలేక మేము ముందే ఎత్తితిమి. అతడు కసరలేదు. "మల్ల మొదటికొచ్చిందమ్మా" అనెను, అంతే. బుడగలు రానంతవరకు ఇట్లే చేసితిమి. నడుమ నడుమ డబ్బా అడుగంటకుండ మా పిల్లవాడు ద్రవము పోయుచుండెను.

ఆయిలని పేరేగాని ఇందు ఇంజను ఆయిలు పోయరాదు. సీళ్లు ఉబ్బి చెడును. డాట్ 3, డాట్ 4 అని మూతపై ఏది వ్రాసియున్న నదే పోయవలెను. వానకాలపు ఉప్పువలె ఇది గాలిలోని చెమ్మను పీల్చును గనుక, ఏనాడో మూత తీసిన డబ్బా పనికిరాదు. బండి రంగుపై చిందిన వెంటనే నీళ్లతో కడుగుడు, లేకున్న రంగు ఊడును. పెక్కు బండ్లలో బ్రేకునకును క్లచ్చికిని ఒకటే డబ్బా యగుటచే, మట్టము దిగినపుడు రేపు చూతమనరాదు.

తరువాత వారము దినములు ప్రతి యుదయమును ఆ గీత చూచితిమి; దిగలేదు. ఆదివారమునాడు మరల పులిహోర కలిపితిమి.