మిద్దె కూల్చే ముందు టేపు పట్టండి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల పల్లెల్లో పాత మట్టిమిద్దెలు ఇంకా ఉన్నాయి. రాతిగోడలు, కొయ్య దూలాలు, పైన చౌడుమట్టి. కొడుకు పెళ్లికి గది చాలదనగానే జేసీబీని పిలుస్తాం. ఇంట్లో సివిల్ చదివిన పిల్లాడున్నా వాణ్ని ఎవరూ అడగరు. వాడూ నోరెత్తడు, కాలేజీలో వాడు నేర్చుకున్నదంతా కాంక్రీటే కదా!

ఆ ఇల్లే మీ మొదటి ప్రాజెక్టు కావాలంటాను నేను.

మా ఇంట్లో జరిగిన తప్పే చెప్తా. మట్టితో కట్టిన గోడలకు లోపలా బయటా సిమెంటు పూయించాం. గోడలోని తేమ బయటికి పోయే దారి మూసుకుపోయింది. రెండు వానాకాలాలకే పూత ఉబ్బి పెచ్చులూడింది. సున్నం పూసుంటే తేమ ఆరిపోయేది. ఈ సంగతి మాకు చెప్పింది ఇంజనీరు కాదు, ఒకప్పుడు గానుగ సున్నంతో పనిచేసిన ముసలి బేల్దారి.

గది పెంచాలంటే మిద్దెపైన స్లాబు వేయొద్దు. ఆ మట్టిగోడ ఇప్పటికే పైకప్పు బరువు మోస్తోంది. పెరటి వైపు వేరే పునాదితో, సొంత పిల్లర్లతో కట్టించండి. పాత గోడకూ కొత్తదానికీ మధ్య సందు వదలాలి. రెండూ ఒకేలా కుంగవు, కలిపి కడితే పగుళ్లు ఖాయం. సందులోకి వాన దిగకుండా పైన రేకు కప్పాలి. బాత్రూము, పైపులు కొత్త భాగంలోనే పెట్టాలి, మట్టిగోడకు లీకేజీని మించిన శత్రువు లేదు. ఎత్తు మిద్దెను మించకుండా, కింద మన నాపరాళ్లే పరిస్తే ఇల్లు అతుకులబొంతలా కనపడదు.

అన్ని మిద్దెలూ నిలబెట్టమనడం లేదు. దూలం పుచ్చి, గోడ బయటికి ఒరిగితే ముందు మనుషుల్ని ఖాళీ చేయించండి.

ఈ పనికి నోటిఫికేషన్ పడదు, నిజమే. కానీ గండికోట చూడ్డానికొచ్చే వాళ్లకు కాంక్రీటు గది ఎక్కడైనా దొరుకుతుంది, చల్లటి మిద్దె దొరకదు. 2020లో కడపలో ఆర్కిటెక్చర్ యూనివర్సిటీ కూడా వచ్చింది. లారీ బేకర్ కేరళలో స్థానిక ఇటుకతో, తక్కువ ఖర్చుతో ఇళ్లు కట్టే పేరు తెచ్చుకున్నాడు. సెలవుల్లో మీ ఇల్లు కొలిచి, చెదలూ పగుళ్లూ గుర్తించి గీయండి. ఇంటర్వ్యూలో చూపించడానికి ఏదో ఒకటి చేతిలో ఉంటుంది.

మా బేల్దారికి డెబ్బై దాటాయి. ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి మా ఊర్నుంచి ఇంతవరకూ ఒక్కరూ పోలేదు.