ఇంజిన్‌కు శక్తి ఉంది.. రహదారికి ఉందా?

సూర్యాపేట: హైదరాబాద్-విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారిపై టోల్‌ప్లాజా దాటిన కారు వంద కిలోమీటర్ల వేగాన్ని అందుకోవడానికి ఇప్పుడు పట్టుమని పదిహేను సెకన్లు కూడా పట్టదు. అదే రహదారిని దాటి అవతలి పొలానికి చేరాల్సిన రైతుకు మాత్రం అంతకంటే ఎక్కువ సమయమే కావాలి. ఈ రెండు లెక్కల నడుమ ఉన్న తేడాయే ప్రాణాల మీదికి తెస్తోంది. కార్ల ఇంజిన్ల సామర్థ్యం ఏటేటా పెరుగుతోంది. అయితే వేగానికి హద్దు గీయాల్సింది ఇంజినా, రోడ్డా, రోడ్డు దాటే మనిషా అన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోయింది.

అప్పుడు మోతే హెచ్చరిక

1983లో రోడ్డెక్కిన మారుతి 800 ఇంజిన్ సామర్థ్యం 40 అశ్వశక్తి లోపే. దేశంలో లక్షలాది మధ్యతరగతి కుటుంబాలకు అదే తొలి కారు. నేడు అవే కుటుంబాలు ఎంచుకుంటున్న చిన్న ఎస్‌యూవీలలో 80 నుంచి 120 అశ్వశక్తి ఉన్నవే అధికం. నిజానికి చదునైన రోడ్డుపై వంద కిలోమీటర్ల వేగాన్ని నిలకడగా కొనసాగించడానికి చిన్న కారుకు 20-25 అశ్వశక్తి సరిపోతుంది. మిగిలినదంతా వేగాన్ని త్వరగా పుంజుకోవడానికి, ముందున్న లారీని దాటడానికి, ఘాట్‌రోడ్డు ఎక్కడానికి పనికొచ్చేదే.

అదనపు శక్తి దానంతటదే దోషం కాదు. లారీని దాటే పని ఎంత త్వరగా ముగిస్తే ఎదురుగా వచ్చే వాహనంతో ముప్పు అంత తగ్గుతుంది. చిక్కు మరోచోట ఉంది. పాత కారు 90 దాటితే ఇంజిన్ మోత మోగేది, స్టీరింగ్ వణికేది, గాలి హోరెత్తేది. చోదకుడిని వెనక్కి లాగే హెచ్చరికలు అవే. నేటి కారులో అద్దాలు మూసి ఏసీ వేసుకుంటే 120 సైతం 70 మాదిరిగానే తోస్తుంది. వేగం పెరిగింది, వేగమన్న స్పృహ తగ్గింది.

యాభై మీటర్ల లెక్క

ఇంజిన్ ఎంత మారినా భౌతిక సూత్రం మారదు. వేగం 60 నుంచి 100కు పెరిగితే వాహనంలోని గతిశక్తి దాదాపు 2.8 రెట్లవుతుంది. పొడి రోడ్డు, మంచి బ్రేకులు ఉన్నాయనుకున్నా, చోదకుడు తేరుకోవడానికి ఒక సెకను పడుతుంది. అది కలుపుకొంటే 60 వేగంతో వస్తున్న కారు ఆగడానికి సుమారు 37 మీటర్లు కావాలి. వంద వేగంతో ఉంటే 80 మీటర్లు దాటుతుంది.

యాభై మీటర్ల దూరంలో ఓ ద్విచక్ర వాహనం అడ్డుగా వచ్చిందనుకుంటే, 60తో వస్తున్న కారు దాన్ని తాకకుండానే ఆగిపోతుంది. వందతో వస్తున్న కారు మాత్రం బ్రేకు పూర్తిగా తొక్కినా 75 కిలోమీటర్లకు పైగా వేగంతో ఢీకొంటుంది. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ వంటివి కారులోని వారికి రక్ష. బయట ఉన్నవారికి ఆ కవచం లేదు.

కేంద్ర రహదారి రవాణా శాఖ గణాంకాల ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వీటిలో 71.2 శాతం మరణాలకు అతివేగమే కారణంగా నమోదైంది. మృతుల్లో 44.5 శాతం ద్విచక్ర వాహనదారులు, 19.5 శాతం పాదచారులు. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

పరిమితి పెంచిన కేంద్రం.. కాదన్న కోర్టు

రోడ్లు మెరుగుపడ్డాయి, వాహనాల సాంకేతికత పెరిగిందన్న ప్రాతిపదికపై కేంద్రం 2018 ఏప్రిల్‌లో గరిష్ఠ వేగాలను సవరించింది. కార్లకు ఎక్స్‌ప్రెస్‌వేలపై 120, విభాగిని ఉన్న నాలుగు వరుసల రోడ్లపై 100, ఇతర రోడ్లపై 70 కిలోమీటర్లుగా నిర్ణయించింది. 2021 ఆగస్టులో మద్రాసు హైకోర్టు ఈ నోటిఫికేషన్‌ను కొట్టివేసింది. అతివేగమే ప్రధాన మృత్యుకారణంగా ఉన్నప్పుడు ఇంజిన్ సాంకేతికత, రోడ్ల మెరుగుదల ప్రమాదాలను ఎలా తగ్గిస్తాయన్నది న్యాయస్థానం లేవనెత్తిన ప్రశ్న. మరోవైపు ఎక్స్‌ప్రెస్‌వేలపై 140 వరకు అనుమతించాలన్నది తన వ్యక్తిగత అభిప్రాయమని కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ అదే ఏడాది ప్రకటించారు.

అన్ని రోడ్లకూ ఒకే కొలమానం చెల్లదు. 158 కిలోమీటర్ల హైదరాబాద్ ఔటర్ రింగ్‌రోడ్డుపై 2023లో గరిష్ఠ వేగాన్ని 120కి పెంచారు. అక్కడ ఇరువైపులా కంచె ఉంది, ద్విచక్ర వాహనాలకు, పాదచారులకు ప్రవేశం లేదు. 65వ నంబరు జాతీయ రహదారి తీరు వేరు. కొన్నిచోట్ల అండర్‌పాస్‌లు, సర్వీసు రోడ్లు ఉన్నప్పటికీ ఊళ్లు, పొలాలు రహదారిని ఆనుకునే ఉన్నాయి. ట్రాక్టరు, ఆటో, పాల క్యాన్లతో వెళ్లే మోపెడ్, సంక్రాంతికి సొంతూరు వెళ్లే కారు అన్నీ ఒకే దారిన సాగాలి. నాలుగు వరుసలు వేసినంత మాత్రాన అది ఎక్స్‌ప్రెస్‌వే కాబోదు.

లారీకి కళ్లెం.. కారుకు గంట

రవాణా వాహనాలకు వేగ నియంత్రణ పరికరం తప్పనిసరి. 2015 నాటి నిబంధనల ప్రకారం వాటి వేగం 80 దాటకూడదు. పాఠశాల బస్సులు, ట్యాంకర్లు, డంపర్లకు అది 60 మాత్రమే. సొంత కార్లకు ఇటువంటి కళ్లెం లేదు. 2019 జులై 1 నుంచి తయారైన కార్లలో 80 దాటితే అడపాదడపా, 120 దాటితే ఆగకుండా మోగే హెచ్చరిక శబ్దం ఒక్కటే ఉంది. అది చెవిన పడుతుందే తప్ప వేగాన్ని తగ్గించదు.

ఇతర దేశాలు ఈ చిక్కును తమదైన రీతిలో ఎదుర్కొన్నాయి. జపాన్ కార్ల సంస్థలు 280 అశ్వశక్తి మించరాదని తమలో తాము చేసుకున్న ఒప్పందాన్ని 2004 వరకు పాటించాయి. ఐరోపా సమాఖ్యలో 2024 జులై నుంచి అమ్మే ప్రతి కొత్త కారులోనూ ఆ రోడ్డు వేగ పరిమితిని గుర్తించి చోదకుడిని అప్రమత్తం చేసే వ్యవస్థ తప్పనిసరైంది. ఇంజిన్ శక్తిని తగ్గించకుండానే, రోడ్డును బట్టి వేగాన్ని గుర్తుచేసే మార్గమిది.

ఆదా తొమ్మిది నిమిషాలే

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం అతివేగానికి తేలికపాటి వాహనంపై 1,000 నుంచి 2,000 రూపాయల వరకు జరిమానా విధిస్తోంది. స్పీడ్‌గన్ కనిపించినచోట తగ్గిన వేగం, అది దాటగానే మళ్లీ పెరగడం సర్వసాధారణం. ఒక టోల్‌ప్లాజా నుంచి మరో టోల్‌ప్లాజాకు పట్టిన సమయాన్ని బట్టి సగటు వేగాన్ని లెక్కగడితే ఈ దాగుడుమూతలకు తావుండదు. ఫాస్టాగ్ వచ్చాక ఆ సమయం ఎలాగూ నమోదవుతోంది. దీనితోపాటు చట్టంలోని 112వ సెక్షన్ కింద ప్రమాదకర ప్రాంతాల్లో వేగాన్ని మరింత తగ్గించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. ఊళ్లు, కూడళ్లు ఉన్నచోట దాన్ని వినియోగించి, ముందుగానే కనిపించేలా బోర్డులు నిలపాలి.

అరవై కిలోమీటర్ల దూరాన్ని 80 వేగంతో వెళితే 45 నిమిషాలు, వందతో వెళితే 36 నిమిషాలు పడుతుంది. మిగిలేది తొమ్మిది నిమిషాలు. ఇంజిన్ ఎంత శక్తిమంతమైనదైనా ఇంతకు మించి ఆదా చేయలేదు. దారి పక్క ఊళ్లవారు ఆ తొమ్మిది నిమిషాలకు చెల్లిస్తున్న మూల్యాన్ని పరిగణనలోకి తీసుకున్నప్పుడే వేగ పరిమితికి అర్థం ఉంటుంది.