లారీ బయల్దేరితే సరుకు చేరినట్టేనా?

మాది రావులపాలెం. ఊరి పేరు చెప్పగానే ఎవరైనా ముందు అడిగేది అరటి గెలల గురించే. ఈసారి ఆ గెలల పుణ్యమా అని నాకో నెట్‌వర్క్ పాఠం అర్థమైంది.

పోయిన సెమిస్టర్ పరీక్షలో ఎంపీఎల్ఎస్ మీద రెండు పేజీలు రాశాను. మంచి మార్కులే వచ్చాయి. తర్వాత ఒక ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో, "లేబుల్ దారి మధ్యలో తెగితే ఎలా తెలుస్తుంది?" అని అడిగారు. "పింగ్ చేస్తామండి" అన్నాను. "పింగ్ బాగానే వస్తోంది, కస్టమర్ డేటా మాత్రం వెళ్లట్లేదు. ఇప్పుడేం చేస్తారు?" నోట మాట రాలేదు. ఇంటర్న్‌షిప్పూ రాలేదు.

ఆ రాత్రి వెతికితే ఆర్ఎఫ్‌సీ 4379 దొరికింది. 2006 ఫిబ్రవరిలో వచ్చిన పత్రం. రాసింది ఇద్దరు: జూనిపర్ నుంచి కిరీటి కొంపెల్ల, సిస్కో నుంచి జార్జ్ స్వాలో. మార్కెట్లో ఢీ అంటే ఢీ అనే రెండు కంపెనీల ఇంజనీర్లు కలిసి రాశారన్నమాట. అందులో ఒకటి మన తెలుగు ఇంటిపేరు!

సెలవులకి ఇంటికెళ్లినప్పుడు యార్డులో మావయ్యని చూస్తే విషయం ఇంకా తేలికైంది. గెల మీద వ్యాపారి గుర్తు ఉంటే చాలు, ముఠా కూలీలు చిరునామా అడగరు, ఆ లారీకి ఎక్కించేస్తారు. ఎంపీఎల్ఎస్ రౌటర్ కూడా అంతే. లేబుల్ చూసి పంపేస్తుంది. "లోడు బయల్దేరింది కదా, ఇక చేరినట్టేగా?" అన్నాను. "భలేవాడివిరా! అవతలాయనకి ఫోన్ చేసి, దిగిందా అని అడిగితేనే చేరినట్టు" అన్నాడు మావయ్య.

ఆర్ఎఫ్‌సీ 4379 చేసే పని అదే. మామూలు పింగ్ ఐపీ దారిలో వెళ్లి అంతా బాగుందని చెప్పొచ్చు. ఎల్ఎస్‌పీ పింగ్ అసలు డేటా వెళ్లే లేబుల్ దారిలోనే వెళ్తుంది. దాని గమ్యం చిరునామా 127తో మొదలవుతుంది కాబట్టి, మధ్యలో లేబుల్ ఊడిపోతే ఐపీ దారి పట్టి తప్పించుకోలేదు. తప్పు అక్కడే బయటపడుతుంది.

కిరీటి గారి దారి కూడా తిన్నగా లేదు. ఐఐటీ కాన్పూర్‌లో చదివారు. సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసింది సంఖ్యా సిద్ధాంతం, క్రిప్టోగ్రఫీల మీద. పేరొచ్చింది మాత్రం రౌటర్లలో. 2007 జనవరిలో ఆయన, యాకొవ్ రెఖ్టర్ కలిసి బీజీపీతో వీపీఎల్ఎస్ ఎలా నడపాలో ఆర్ఎఫ్‌సీ 4761గా ఇచ్చారు. అదే నెలలో, అదే పనికి ఎల్‌డీపీతో ఇంకో పద్ధతి 4762గా వచ్చింది. దాని మీద కూడా ఒక కొంపెల్ల పేరుంది, వాక్ కొంపెల్ల! రెండు పద్ధతులూ బహిరంగంగానే ఉన్నాయి, ఏది మేలో వాడేవాళ్లే తేల్చుకోవచ్చు.

నేను చెప్పేది ఒక్కటే. మనం ప్రోటోకాల్స్‌ని ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు చదువుతున్నాం. వాటిని మనుషులు రాశారు, వాదించుకున్నారు, సరిదిద్దుకున్నారు. 4379ని కూడా 2017లో 8029గా తిరగరాశారు. "అవి బోరు, ప్లేస్‌మెంట్‌కి పనికిరావు" అంటారేమో. నా ఇంటర్న్‌షిప్ పోయింది ఆ బోరు పత్రం చదవకే. ఆర్ఎఫ్‌సీలన్నీ ఉచితం. ఐఈటీఎఫ్‌కి సభ్యత్వ కార్డు లేదు, ముసాయిదా ఎవరైనా పంపొచ్చు.

సెమిస్టర్‌కి ఒక్క ఆర్ఎఫ్‌సీ చదువుదాం. క్లబ్‌లో కూర్చుని తెలుగులో చెప్పుకుందాం. మార్కుల మెమో అంటే లారీ బయల్దేరిందని మాత్రమే. సరుకు దిగిందో లేదో మనమే ఫోన్ చేసి కనుక్కోవాలి.