ఓ లాప్‌టాప్, రేపు రా

అమెరికాలో ఏ ఊళ్ళోనైనా సరే, శనివారం రాత్రి నలుగురు తెలుగువాళ్ళు భోజనాలకి కలిస్తే, సాంబారు చల్లారేలోపు మాట లాప్‌టాప్‌ల మీదకి మళ్ళుతుంది. ఎవరో ఒకరు, “తేలిగ్గా ఉండేది ఏదైనా చెప్పండి, మోయలేక చస్తున్నాను” అంటారు. ఆయన అడిగింది బరువు గురించి. జవాబు మాత్రం తేదీ గురించి వస్తుంది: “ఇప్పుడు కొనకండి, కొత్త మోడల్ వస్తోంది.”

ఈ మాట అనడానికి కంప్యూటర్ల గురించి ఏమీ తెలియక్కర్లేదు. ఏ నెలలో అన్నా చెల్లుతుంది. జనవరిలో లాస్ వేగస్ ప్రదర్శన ఉంటుంది. వసంతంలో ఆపిల్ ఏదో తెస్తుందంటారు. ఎండాకాలం కాలేజీ పిల్లల తగ్గింపులు, నవంబర్లో థాంక్స్‌గివింగ్ అమ్మకాలు ఉండనే ఉంటాయి. “ఆగండి” అనడానికి వీల్లేని వారం ఏడాది మొత్తంలో ఒక్కటైనా ఉందా అని చూశాను. దొరకలేదు.

ఓ ముప్ఫై ఏళ్ళ కిందట మన ఊళ్ళలో తలుపుల మీద “ఓ స్త్రీ రేపు రా” అని రాసుకున్న రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. రాత్రిపూట తలుపు కొట్టే దెయ్యం అది చదువుకుని వెనక్కి పోతుంది. మర్నాడు వచ్చి మళ్ళీ అదే చదువుతుంది. పాపం, దెయ్యానికి చదువొచ్చు గానీ ఆ “రేపు” ఎప్పటికీ రాదన్న సంగతి తట్టదు. ఎమ్మెస్సులు చేసిన మా బృందం కూడా ఆ దెయ్యానికి ఏమీ తీసిపోలేదు.

ఈ సలహా మీద నాకున్న కోపానికి కారణం మా మేనకోడలు. 2024 ఆగస్టులో ఎమ్మెస్సుకి టెక్సస్ వచ్చింది. బీటెక్‌లో ఉండగా హైదరాబాదులో కొనుక్కున్న గేమింగ్ లాప్‌టాప్ వెంట తెచ్చుకుంది. అయిదున్నర పౌన్ల బరువు, పైగా ఇటుకంత చార్జరు. కారు లేదు. బస్సు దిగి ఆ ఎండలో మైలు దూరం నడవాలి. పొద్దున్న ఎనిమిదింటికి బయల్దేరితే తిరిగి వచ్చేది రాత్రి పదింటికి. బ్యాటరీ గంటసేపు కూడా నిలవదు కాబట్టి, క్లాసుకీ క్లాసుకీ మధ్య వరండాలో కరెంటు ప్లగ్గు పక్కన నేల మీద కూర్చుని అసైన్‌మెంట్లు చేసుకునేది. క్యాంపస్‌లో గంటల లెక్కన పని చేసి నవంబరుకల్లా వెయ్యి డాలర్లు కూడబెట్టుకుంది.

అప్పుడు అంకుల్స్ రంగంలోకి దిగారు. ఒకాయన బ్లాక్ ఫ్రైడే దాకా ఆగమన్నాడు. బ్లాక్ ఫ్రైడే వచ్చాక ఇంకొకాయన, “అవన్నీ పాత సరుకు వదిలించుకునే ఎత్తులమ్మా, జనవరి చూడు” అన్నాడు. జనవరిలో మూడో ఆయన మార్చి అన్నాడు. ఈ ముగ్గురికీ తలో రెండు లాప్‌టాప్‌లు ఉన్నాయి, ముగ్గురూ ఆఫీసుకి కార్లలో వెళతారు. ఆ జనవరిలోనే ఓ ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూ మధ్యలో ఆ పిల్ల లాప్‌టాప్ ఆగిపోయింది. ఆ ఉద్యోగం రాలేదు. లాప్‌టాప్ వల్లే రాలేదని నేను అనను, నాకెలా తెలుస్తుంది? కానీ ఆ రాత్రి ఫోన్ చేసి, “మావయ్యా, ఇంక ఆగనా?” అని అడిగింది. ఆ శనివారమే వెళ్ళి, కిందటి ఏడాది మార్చిలో వచ్చిన మాక్‌బుక్ ఎయిర్, పదహారు జీబీ మెమరీది, తొమ్మిది వందల చిల్లరకి కొన్నాం.

మార్చిలో కొత్త ఎయిర్ నిజంగానే వచ్చింది. పాతదాని మొదటి ధర 1,099 డాలర్లయితే కొత్తదాని ధర 999. మూడో అంకుల్ మొహం వెలిగిపోయింది. “చూశారా, రెండు నెలలు ఓపిక పడితే!” అన్నాడు. ఆ రెండు నెలల్లో ఆయన చేసిందేమిటో నాకు తెలియదు. ఆ పిల్ల మాత్రం ఒక ప్రాజెక్టు పూర్తి చేసి, మరో నాలుగు ఇంటర్వ్యూలు ఇచ్చింది.

ఇక బరువు సంగతి. పదిహేనేళ్ళుగా సోమవారం విమానం ఎక్కి గురువారం దిగే బతుకు నాది. నా లాప్‌టాప్ ఒకటి, క్లయింటు ఇచ్చింది ఒకటి. అంచేత ఈ విషయంలో నా భుజానికి కాస్త అధికారం ఉందనుకుంటాను. 2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ మొదటి మాక్‌బుక్ ఎయిర్‌ని కాగితపు కవరులోంచి తీసి చూపించినప్పుడు దాని బరువు మూడు పౌన్లు. 2010లో వచ్చిన పదకొండు అంగుళాలది 2.3 పౌన్లు. 2015లో పన్నెండు అంగుళాల మాక్‌బుక్ వచ్చింది, రెండు పౌన్ల పైన పిసరంత. దాన్ని 2019లో ఆపేశారు. 2022 జూలైలో వచ్చిన పదమూడు అంగుళాల ఎయిర్ 2.7 పౌన్లు. 2024లో వచ్చిందీ 2.7. అందరూ అంతగా ఎదురుచూసిన 2025 మార్చిదీ 2.7. తేలికదనం కోసం ఆగినవాళ్ళకి ఆ మూడేళ్ళ ఎదురుచూపులో దక్కిన తగ్గింపు సున్నా. కొత్త చిప్పు వేగం నిజమే, కాదనను. కానీ వర్డు ఫైలు తెరిచేటప్పుడు ఆ తేడా కంటికి ఆనదు. నాలుగు పౌన్ల తేడా భుజానికి రోజూ ఆనుతుంది.

రాబోయేదాని మీద ఈ మోజు లాప్‌టాప్‌లతోనే పుట్టిందేమీ కాదు. 1981లో ఆడమ్ ఆస్‌బోర్న్ అనే ఆయన మోసుకెళ్ళగలిగే కంప్యూటరు అమ్మాడు. పదకొండు కిలోల బరువు, 1,795 డాలర్లు. చిన్నతనం తమిళనాడులో గడిపి, చివరికి 2003లో కొడైకెనాల్లో కన్నుమూసిన మనిషి. 1983లో తర్వాతి మోడల్ గురించి ముందే చెప్పేసరికి, జనం ఉన్నదాన్ని కొనడం మానేశారనీ, అందుకే ఆ ఏడాది సెప్టెంబర్లో కంపెనీ దివాలా తీసిందనీ అంటారు. అదొక్కటే కారణం కాదనేవాళ్ళూ ఉన్నారు. ఏమైనా ఆ కంపెనీ పేరు ఇవాళ ఎదురుచూపు జబ్బుకే పేరై మిగిలింది.

ఎదురుచూసినది వస్తుందన్న నమ్మకం ఏమిటి? ఇంటెల్ వాళ్ళ పది నానోమీటర్ల చిప్పు కథ మా వృత్తిలో అందరికీ తెలిసిందే. 2016కి అన్నది 2017 అయింది, తీరా లాప్‌టాప్‌లలో చెప్పుకోదగ్గ సంఖ్యలో వచ్చేసరికి 2019. ధర తగ్గుతుందనుకోవడమూ అంతే. 2025 చివర్లో కృత్రిమ మేధ డేటా సెంటర్ల గిరాకీకి మెమరీ చిప్పుల ధరలు ఎలా ఎగబాకాయో చూశాం.

“మరి 2020 మాటేమిటి?” అంటారు. న్యాయమైన ప్రశ్న. ఆ మార్చిలో ఇంటెల్ చిప్పు ఉన్న ఎయిర్ కొన్నవాళ్ళు, నవంబర్లో ఎమ్1 రాగానే తలలు పట్టుకున్నారు. అంత పెద్ద తేడా మళ్ళీ చూడలేదు. కానీ అది ఏ మార్చో గుర్తు తెచ్చుకోండి. బళ్ళూ ఆఫీసులూ మూతపడ్డ మార్చి. ఆగినవాళ్ళ పిల్లలు ఆ ఎనిమిది నెలలూ దేనిమీద పాఠాలు విన్నారు?

ఆగడాన్ని సమర్థించే మంచి లెక్క ఒకటి ఉంది. 1999లో అరిజోనా విశ్వవిద్యాలయంలోని ఖగోళ శాస్త్రవేత్తలు కొందరు సగం సరదాగా రాశారు: ఇరవై ఆరు నెలలకి మించి పట్టే గణన అయితే, ఇప్పుడే మొదలుపెట్టకుండా కొన్నాళ్ళు ఊరుకుని కొత్త యంత్రం కొనుక్కోవడమే మేలని. ఒప్పుకుంటాను. మీ పని ఇరవై ఆరు నెలలపాటు ఏకధాటిగా నడిచే గణన అయితే ఆగండి. అయితే అది తేలికపాటి లాప్‌టాప్ మీద చేసే పని కాదు.

ఇండియాలో ఉన్నవాళ్ళకి ఈ సలహా ఇంకా ఖరీదు. పద్దెనిమిదేళ్ళు దాటిన ప్రయాణికుడు ఒక లాప్‌టాప్‌ని సుంకం లేకుండా తీసుకెళ్ళవచ్చు. గుంటూరు జిల్లాలో మా బాబాయి, రిటైరైన తెలుగు మాస్టారు, తన ఊరి చరిత్ర టైపు చేసుకుంటానని ఒకటి అడిగారు. ఇక్కడే ఉన్న ఆయన కొడుకు, “కొత్తది వస్తోంది నాన్నా, వచ్చే ట్రిప్పుకి తెస్తాను” అన్నాడు. వాడి వచ్చే ట్రిప్పు రెండేళ్ళకి. బాబాయికి డెబ్భై రెండు. కంటిలో శుక్లాలు. కిందటి డిసెంబర్లో నేనే ఒకటి పట్టుకెళ్ళాను. వాడు నాతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు.

ఆగాల్సిన సందర్భాలు లేకపోలేదు. కంపెనీవాళ్ళే తేదీ, ధర ప్రకటించి, మీ చేతిలోది ఇంకా పనిచేస్తూ ఉంటే ఆగండి. గాలి కబుర్లకి మాత్రం వద్దు. కొన్న పద్నాలుగు రోజుల్లో కొత్తది దిగిందా, చాలా దుకాణాలు వెనక్కి తీసుకుంటాయి. రేపటి గురించి ఆలోచించాల్సింది మెమరీ దగ్గర. పల్చటి లాప్‌టాప్‌లలో చాలావాటికి దాన్ని అతికించేస్తారు, తర్వాత పెంచుకోలేరు.

ఇంకో మాట. కరపత్రంలో రాసే బరువులో చార్జరు ఉండదు. గల్ఫ్ మీదుగా హైదరాబాదు వెళ్ళే విమానాల్లో చేతిసంచికి ఏడు కిలోలే అన్న సంగతి మీకు తెలిసిందే. ఇండియా ప్రయాణానికి పెట్టెలు తూచుకునే కొక్కెం త్రాసు మనందరి ఇళ్ళలో ఉంటుంది. రేపు పొద్దున్న ఆఫీసుకో కాలేజీకో బయల్దేరేముందు మీ సంచీని, లోపల చార్జరుతో సహా, దానికి తగిలించి చూడండి. శనివారం అంకుల్స్‌ని అడగబోయే ముందు ఆ అంకె మీ దగ్గర ఉండాలి.